మేరీ ఆర్డెన్ ఇల్లు ఏది?

ఇంగ్లండ్‌లోని వారిక్‌షైర్ కౌంటీలో విల్మ్‌కోట్ అని ఒక చిన్న ఊరుంది. స్ట్రాట్‌ఫర్డ్‌కి మూడు నాలుగు మైళ్ల దూరం. ఆ ఊళ్లో ఒక పాత కొయ్యచట్రపు రైతు ఇంటిని రెండు వందల ఏళ్ల పాటు అందరూ 'మేరీ ఆర్డెన్ ఇల్లు' అని పిలిచారు. మేరీ ఆర్డెన్ అంటే షేక్‌స్పియర్ తల్లి. షేక్‌స్పియర్ బర్త్‌ప్లేస్ ట్రస్ట్ 1930లో ఆ ఇంటిని కొని, ట్యూడర్ కాలపు సామాన్లతో అలంకరించి సందర్శకులకు చూపించింది. 2000లో ఒక సంగతి బయటపడింది. ఆ ఇల్లు ఆర్డెన్‌లది కాదు. పొరుగునే ఉండే ఆడమ్ పామర్ అనే రైతుది. ఆర్డెన్‌ల ఇల్లు ఆ పక్కనే ఉంది. దాన్ని గ్లీబ్ ఫార్మ్ అనేవాళ్లు. 1968లో ట్రస్టే దాన్ని కొన్నది కూడా. అయితే అది ఎవరి ఇల్లో తెలిసి కాదు, ప్రసిద్ధమైన ఇంటి చుట్టుపక్కల వాతావరణం చెడిపోకుండా ఉండాలని.

ఈ సంగతిని పత్రికలు ఒక తమాషా వార్తగా రాశాయి. నాకు మాత్రం ఇందులో స్త్రీల చరిత్ర రాసేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన విషయం ఉందనిపించింది. ఒక స్త్రీ పేరుతో ఒక ఇల్లు నిలబడి ఉంది. వేలాదిమంది వచ్చి చూశారు. ఆ ఇల్లు ఆమెది కాకపోయినా ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. అంటే వాళ్లు చూడడానికి వచ్చింది ఎవరిని? ఆమె బతుకు గురించి ఆ ఇంటిని ఎవరైనా ఒక్క ప్రశ్న అయినా అడిగారా?

నేను సాహిత్య విద్యార్థిని. ఎం.ఏ.లో, ఆ తర్వాత పరిశోధనలో షేక్‌స్పియర్‌ని చదివినంత కాలం రాజప్రాసాదాలు, అడవులు, యుద్ధభూములు మాకు పాఠంలో భాగమయ్యాయి గానీ, ఆ నాటకాలు రాసిన మనిషిని కన్న స్త్రీ ఏ పొయ్యి ముందు కూర్చుందో ఎప్పుడూ పాఠంలోకి రాలేదు. ఇల్లు వాస్తుశిల్పుల విషయం, సాహిత్యం మన విషయం అని ఒక విభజన. కానీ రాతలో కనిపించని స్త్రీని వెతకాలంటే ఇంటిని కూడా ఒక పాఠంగా చదవక తప్పదు. ఆ ఇళ్ల నిర్మాణం గురించిన పుస్తకాలు, వీలునామాల ప్రతులు ముందేసుకుని చదువుతున్నకొద్దీ నాకు అర్థమైన విషయాలు కొన్ని ఇక్కడ పంచుకుంటాను.

ముందు ఆ ఇల్లు ఎలా కడతారో చూద్దాం. మనకు ఇల్లంటే గోడలు, గోడల మీద కప్పు. ఈ ఇళ్లలో బరువు మోసేది గోడ కాదు, కొయ్య చట్రం. ముందు రాతి పునాది ఒకటి తక్కువ ఎత్తులో కడతారు. దాని మీద అడ్డంగా ఓక్ దూలం పరుస్తారు. దాని మీద స్తంభాలు నిలబెట్టి, పైన మళ్లీ దూలాలు, వాటి మీద వాసాలు. ఇనుప మేకులతో పని లేదు. ఒక కొయ్య చివరను నాలుకలా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన గాడిలోకి దింపి, అడ్డంగా చిల్లు వేసి కర్రమేకు దిగ్గొడతారు. ఓక్ ఆరితే రాయిలా గట్టిపడుతుంది కాబట్టి పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవాళ్లు. ఇల్లు నిలబడ్డాక కొయ్య నెమ్మదిగా ఆరుతూ, మెలితిరుగుతూ కీళ్లను ఇంకా బిగించేది. ఈ పాత ఇళ్లు ఇప్పుడు వంకరటింకరగా కనిపించడానికి అదీ ఒక కారణం.

చట్రం మొత్తాన్ని వడ్రంగులు ముందు తమ ఆవరణలో నేల మీద పరిచి, అతికి చూసుకుని, ఏ కొయ్య ఏ కొయ్యలో దిగాలో గుర్తుగా రోమన్ అంకెలు చెక్కేవాళ్లు. తర్వాత విప్పి, బండి మీద తెచ్చి, స్థలంలో నిలబెట్టేవాళ్లు. అయిదు వందల ఏళ్లు గడిచినా చాలా ఇళ్లలో ఆ అంకెలు కొయ్యల మీద అలాగే ఉన్నాయి. స్తంభాల మధ్య ఖాళీల్లో పుల్లలతో అల్లిన తడికలు బిగించి, మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తేవాళ్లు. పైన సున్నం. ఈ భాగం చదువుతుంటే నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. తడిక, మట్టి, పేడ, ఇవి మనకు కొత్తవి కావు కదా. ఆ మట్టిగోడకు ఏడాదికోసారైనా ఎవరో ఒకరు చెయ్యి పెట్టకపోతే అది నిలవదని కూడా మనకు తెలుసు. వడ్రంగి ఒక్కసారి చేసిన పని అంకెలతో సహా నిలిచింది. నిత్యం జరిగే పని, ఊడవడం, కడగడం, పొయ్యి రాజెయ్యడం, జరిగిన రోజే చెరిగిపోయింది. ఇంటి చరిత్ర రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. నిలిచినదాన్నే చరిత్ర అనుకుంటే సగం మనుషులు అందులోంచి జారిపోతారు.

15వ శతాబ్దపు రైతు ఇల్లు లోపల ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇంగ్లండ్‌లో మంచి ఉదాహరణ బేలీఫ్ అనే ఇల్లు. కెంట్ కౌంటీలోని చిడింగ్‌స్టన్ దగ్గర ఉండేది. అక్కడ జలాశయం కడుతున్నప్పుడు మునిగిపోకుండా కొయ్యకు కొయ్య విప్పి, ససెక్స్‌లోని సింగిల్టన్ దగ్గర ఉన్న మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. విప్పి మళ్లీ కట్టగలగడం ఈ నిర్మాణంలోనే ఉన్న సుగుణం. ఇంటి నడుమ హాలు ఉంటుంది. నేల నుంచి కప్పు దాకా అడ్డు లేని ఖాళీ. నేల మధ్యలో నిప్పు. చిమ్నీ లేదు. పొగ పైకి లేచి కప్పు సందుల్లోంచో, అద్దాలు లేని కిటికీల్లోంచో పోవాలి. హాలుకి ఒక చివర యజమాని కూర్చునే బల్ల, దాని వెనక కుటుంబం గదులు. రెండో చివర ఎదురెదురు గుమ్మాలు, వాటిని దాటితే తిండి సరుకులు, బీరు పీపాలు దాచే గదులు. మొదటిదాన్ని 'పై కొస' అనీ, రెండోదాన్ని 'కింది కొస' అనీ అనేవాళ్లు. నేల ఒకటే మట్టంగా ఉన్నా ఈ పేర్లు తప్పలేదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరు ఎటునుంచి వస్తారు అన్న అధికార క్రమం ఇంటి పటంలోనే గీసి ఉంది.

ఇలాంటి ఇళ్లలో కప్పు కొయ్యలు నేటికీ మసితో నల్లగా ఉంటాయి. అవి చూసే చరిత్రకారులు ఒకప్పుడు ఇక్కడ బయలు హాలు ఉండేదని గుర్తుపడతారు. ఆ మసి వాళ్లకి ఒక ఆధారం. నాకు మాత్రం ఆ మసి ఎవరి కళ్లల్లోంచి, ఎవరి ఊపిరితిత్తుల్లోంచి పైకి వెళ్లిందో ఆలోచించకుండా ఉండడం కష్టం. రోజంతా ఆ నిప్పు దగ్గర ఉన్నవాళ్లెవరో పెద్దగా ఊహించనక్కర్లేదు.

16వ శతాబ్దంలో ఈ ఇల్లు మారింది. చిమ్నీలు వచ్చాయి. విలియం హారిసన్ 1577లో ఇంగ్లండ్ గురించి రాసిన గ్రంథంలో, తన ఊరి ముసలివాళ్లు తమ జీవితకాలంలో చూసిన పెద్ద మార్పుల్లో ఒకటిగా చిమ్నీలు పెరిగిపోవడాన్ని చెప్పారని రాశాడు. పొగ ఒక గొట్టంలోకి వెళ్లాక హాలుని నిట్టనిలువుగా ఖాళీగా ఉంచాల్సిన అవసరం లేదు. మధ్యలో కొయ్య అంతస్తు వేశారు. పైన గదులు వచ్చాయి, మెట్లు వచ్చాయి. డబ్ల్యు. జి. హాస్కిన్స్ 1953లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో 1570-1640 మధ్య కాలాన్ని గ్రామీణ ఇంగ్లండ్ పునర్నిర్మాణ కాలం అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ తేదీలతో విభేదించారు గానీ మార్పు జరిగిందన్నది నిజం. ఈ మార్పుని చరిత్ర పుస్తకాలు సౌకర్యం, ఏకాంతం అన్న మాటలతో వివరిస్తాయి. ఎవరి ఏకాంతం అని కూడా అడగాలి. పొగ తగ్గడం స్త్రీలకు పెద్ద ఊరటే. దానితోపాటు గదులు పెరిగాయి, ఊడ్చే నేల పెరిగింది, ఎక్కి దిగే మెట్లు పెరిగాయి. అందరూ ఒక్క నిప్పు చుట్టూ కూర్చున్న ఇంట్లో వంట చేసే మనిషి మాటల మధ్యలోనే ఉండేది. వంటకు వేరే గది వచ్చిన ఇళ్లలో ఆమె గోడకి అవతలికి వెళ్లింది. ఇది లాభమా నష్టమా అని ఒక్కమాటలో తేల్చలేం.

రైతు ఇంటి స్త్రీ ఏం చేసేదో ఆ కాలపు మగవాళ్లే రాసిపెట్టారు. 1523లో వచ్చిన ఫిట్జ్‌హెర్బర్ట్ వ్యవసాయ గ్రంథం భార్య పనుల జాబితా ఇస్తుంది. ఇల్లు ఊడవడం, పాలు పితకడం, పిల్లల్ని లేపి తయారుచెయ్యడం, అందరికీ వండడం, వెన్న, జున్ను చెయ్యడం, పందులకి మేత వెయ్యడం, కోళ్లని చూసుకోవడం, అవిసె నార వడకడం, ధాన్యం తూర్పారబట్టడం, గడ్డి ఎండబెట్టడం, కోతకి వెళ్లడం, అవసరమైతే మగవాడితో కలిసి పేడ బండి నింపడం, నాగలి తోలడం, సంతకి వెళ్లి అమ్మి, కొని, భర్తకి లెక్క చెప్పడం. ఆఖరిది గమనించండి. సంపాదించింది ఆమె, లెక్క అప్పజెప్పాల్సిందీ ఆమే. థామస్ టస్సర్ సేద్యం గురించి పద్యాల పుస్తకం మొదట అచ్చువేసిన ఏడాది 1557. సరిగ్గా ఆ ప్రాంతంలోనే మేరీ ఆర్డెన్‌కి పెళ్లయింది. టస్సర్ తర్వాత గృహిణి పనుల గురించి కూడా పద్యాలు రాసి అందులో కలిపాడు.

ఈ జాబితాతో ఇంటి పటాన్ని పక్కపక్కన పెట్టుకుంటే ఇల్లు వేరేగా కనిపిస్తుంది. పాలగది ఉత్తరం వైపు ఎందుకుంది? ఎండ తగలకుండా, వెన్న కరగకుండా. ఆవరణలో పావురాల గూడు ఎందుకుంది? పామర్ ఇంటి దగ్గరున్న గూట్లో 600కు పైగా అరలున్నాయి. అది అందం కోసం కట్టింది కాదు, చలికాలపు మాంసం కోసం. ఇది నివాసం మాత్రమే కాదు, ఒక ఉత్పత్తి కేంద్రం. ఇందులో స్త్రీ ఉండడం అంటే పనిచెయ్యడం. 'ఇంట్లో ఉండే ఆడది' అన్న మాటలోని అబద్ధం ఈ నేలపటం చూస్తే చాలు, తేలిపోతుంది.

ఇప్పుడు మేరీ తండ్రి దగ్గరకి వద్దాం. రాబర్ట్ ఆర్డెన్ ఉన్నవాడైన రైతు. విల్మ్‌కోట్‌లోనే కాక స్నిటర్‌ఫీల్డ్ అనే ఊళ్లో కూడా భూములుండేవి. ఆ స్నిటర్‌ఫీల్డ్ భూమిలో ఒక కౌలుదారు పేరు రిచర్డ్ షేక్‌స్పియర్. అతని కొడుకు జాన్‌నే తర్వాత మేరీ పెళ్లి చేసుకుంది. రాబర్ట్‌కి ఎనిమిదిమంది కూతుళ్లు, మేరీ అందరికన్నా చిన్నది. మొదటి భార్య పోయాక 1548లో ఆగ్నెస్ హిల్ అనే వితంతువుని చేసుకున్నాడు. ఆమెకి మొదటి పెళ్లి వల్ల పిల్లలున్నారు.

రాబర్ట్ 1556 నవంబర్‌లో వీలునామా రాయించాడు. ఇద్దరు పెళ్లికాని కూతుళ్లని, ఆలిస్‌నీ మేరీనీ, వీలునామా అమలుచేసే బాధ్యులుగా పెట్టాడు. చిన్న కూతురు మేరీకి ఆస్బీస్ అనే భూమి, దాని మీద ఉన్న పంటతో సహా ఇచ్చాడు. దాంతోపాటు 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. భార్య ఆగ్నెస్‌కి కూడా అంతే డబ్బు రాశాడు గానీ ఒక షరతు పెట్టాడు. విల్మ్‌కోట్‌లో తనకున్న కాపీహోల్డ్‌లో, అంటే జమీ కోర్టు పుస్తకంలో నమోదైన అనుభవ హక్కులో, సగాన్ని ఆలిస్ గొడవ లేకుండా అనుభవించనివ్వాలి. ఆగ్నెస్ అందుకు ఒప్పుకోకపోతే ఆమెకిచ్చే డబ్బు సగానికి తగ్గిపోతుంది.

ఈ ఒక్క షరతులో ఎంత కథ ఉందో చూడండి. సవతి తల్లి, సవతి కూతురు, ఒక ఇల్లు, ఒక పొలం. చనిపోబోయే మనిషి ఆ ఇద్దరి మధ్య గీత గీస్తున్నాడు. సవతి తల్లి చెడ్డది కాబట్టి అని చదివెయ్యడం మనకి అలవాటైన పద్ధతి. జానపద కథలు మనల్ని అలా తయారుచేశాయి. కానీ ఆగ్నెస్ వైపు నుంచి చూస్తే? ఆమె ఇంతకుముందొక భర్తని పోగొట్టుకుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. ఎనిమిదేళ్లు ఈ ఇంటి పాలగదిని, పొయ్యిని, సంతని చూసుకుంది. ఇప్పుడు మళ్లీ వితంతువు. ఆమె ఉనికి ఇంకొకరిని ఎంత మౌనంగా భరించగలదన్న దాని మీద ఆధారపడింది. ఆలిస్ వైపు నుంచి చూస్తే, పెళ్లికాని ఆడపిల్లకి తండ్రి పోయాక పుట్టింట్లో నిలవడానికి కాగితం మీద రాసిన హక్కు కావాల్సి వచ్చింది. ఇద్దరివీ న్యాయమైన అవసరాలే. ఆ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది ఆస్తి పద్ధతి.

రాబర్ట్ పోయాక అదే ఏడాది డిసెంబర్‌లో ఆస్తి పట్టిక తయారుచేశారు. మొత్తం విలువ 77 పౌండ్ల 11 షిల్లింగుల 10 పెన్నీలు. ఎనిమిది ఎడ్లు, ఏడు ఆవులు, యాభై గొర్రెలు, తొమ్మిది పందులు, గుర్రాలు, తేనెటీగలు, కోళ్లు, కొట్టాల్లో గోధుమలు, బార్లీ. ఇంట్లో బల్లలు, కుర్చీలు, పరుపులు, గిన్నెలు. వీటి మధ్య చరిత్రకారుల్ని ఎక్కువగా ఆకర్షించినవి పదకొండు చిత్రవస్త్రాలు. గోడలకి వేలాడదీసే గుడ్డలు. ధనవంతుల ఇళ్లలో నేతచిత్రాలు ఉంటే, రైతుల ఇళ్లలో రంగులద్దిన గుడ్డలు. కొయ్యచట్రపు గోడలు కీళ్ల దగ్గర, తడిక అంచుల దగ్గర సందులు వదులుతాయి. ఆ గుడ్డలు చలిగాలిని ఆపేవి, కంటికి రంగునిచ్చేవి. పండితులు ఈ పదకొండు గుడ్డల గురించి రాసినప్పుడు ఆర్డెన్‌ల హోదాకి గుర్తుగా రాస్తారు. ఏడు ఆవుల్ని రోజుకి రెండుసార్లు ఎవరు పితికారన్నది హోదా కింద రాదు, కనుక చర్చకి రాదు.

మేరీకి వచ్చిన ఆస్బీస్ ఏమైంది? పెళ్లయిన స్త్రీ భూమి మీద వచ్చే ఆదాయం, అజమాయిషీ భర్తవి. అప్పటి ఇంగ్లిష్ చట్టంలో భార్యకి విడిగా అస్తిత్వం లేదు. అమ్మాలంటే మాత్రం ఆమె సంతకం కావాలి. అంటే ఉన్నప్పుడు ఆమెది కాదు, పోగొట్టుకునేటప్పుడు ఆమెది. 1578లో జాన్ షేక్‌స్పియర్ డబ్బు ఇబ్బందుల్లో పడ్డాడు. ఆస్బీస్‌ని 40 పౌండ్లకి ఎడ్మండ్ లాంబర్ట్‌కి తాకట్టు పెట్టారు. ఈ లాంబర్ట్ బయటివాడు కాదు, మేరీ అక్క జోన్ భర్త. 1580లో గడువు ముగిసింది. భూమి తిరిగి రాలేదు. డబ్బు తీసుకెళితే పాత బాకీలు కూడా తీరిస్తేనే అన్నాడని మేరీ దంపతుల వాదన. ఎడ్మండ్ పోయాక అతని కొడుకు జాన్ లాంబర్ట్ మీద వ్యాజ్యం నడిచింది. 1597లో చాన్సరీ కోర్టుకి వేసిన ఫిర్యాదులో జాన్‌తో పాటు అతని భార్య మేరీ పేరు కూడా ఉంది. అప్పటికి ఆమె కొడుకు లండన్‌లో పేరున్న నాటకకర్త. భూమి మాత్రం ఆమెకి దక్కలేదు. మన పల్లెల్లో పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం భర్త అప్పుల్లో కరిగిపోయిన కథలు విన్నవాళ్లకి ఈ కథ వేరే దేశానిదనిపించదు.

1579లో స్నిటర్‌ఫీల్డ్ వాటాని అమ్మిన పత్రం మీద మేరీ వేసిన గుర్తు ఉంది. ఆమె పేరు రాయలేదు, గుర్తు వేసింది. అయితే అది వట్టి అడ్డగీతలు కాదు, అక్షరాలని పోలిన గుర్తు. దాన్ని బట్టి ఆమెకి కలం పట్టడం కొత్త కాదని కొందరు వాదించారు. నాకు మాత్రం ఆ వాదం కన్నా ఒక విషయం ముఖ్యంగా తోచింది. ఆమె చేతి గుర్తు మనకి మిగిలింది ఒక ఆస్తి వదులుకున్న కాగితం మీద.

ఇక తప్పు ఇల్లు ఎలా ఎంపికయిందో చూద్దాం. 18వ శతాబ్దం చివర్లో స్ట్రాట్‌ఫర్డ్‌లో జాన్ జోర్డన్ అని ఒక స్థానిక కవి ఉండేవాడు. వృత్తి బండిచక్రాలు చెయ్యడం. షేక్‌స్పియర్ యాత్రికులు మొదలైన కాలం. చూపించడానికి స్థలాలు కావాలి. జోర్డన్ విల్మ్‌కోట్‌లో ఈ ఇంటిని చూపించాడు. ఆధారం ఏమీ లేదు గానీ ఇల్లు చూడ్డానికి అచ్చం కావలసినట్టుగా ఉంది. దగ్గరదగ్గరగా నిలువు కొయ్యలు, చేప ముల్లులా వాలుగా అమర్చిన కొయ్యలు. పాత ఇంగ్లండ్ అంటే మనసులో మెదిలే బొమ్మ అది. నిజానికి ఆ బొమ్మలోనూ కొంత కల్పన ఉంది. కొయ్యలకి నల్ల రంగు, మధ్యలో తెల్ల సున్నం అనే నలుపు తెలుపు సంప్రదాయం ఎక్కువగా విక్టోరియా కాలపు అభిరుచి. అంతకుముందు చాలా ఇళ్లలో ఓక్‌ని అలాగే వదిలేస్తే ఎండకీ వానకీ వెండి బూడిద రంగుకి తిరిగేది. లేదా గోడతో కలిపి సున్నమే కొట్టేసేవాళ్లు.

అసలు ఆర్డెన్ ఇంటికి తర్వాతి కాలంలో ఇటుక తొడుగు వచ్చింది. బయటినుంచి చూస్తే మామూలు ఇటుక ఇల్లు. లోపల పాత చట్రం. రెండూ ఒకే ఆవరణకి దగ్గరగా ఉన్నా చూపు అందమైనదాని మీదే ఆగింది. నాట్ ఆల్కాక్ పాత భూమి పత్రాల్ని చదివి, ఏ స్థలం ఎవరి అనుభవంలో ఉండేదో పోల్చి చూశాక గానీ సంగతి బయటపడలేదు. కొయ్య ముక్కల్లోని వలయాల్ని లెక్కబెట్టే పద్ధతి కూడా తోడయింది. చెట్టుకి ఏడాదికో వలయం ఏర్పడుతుంది. వానలు బాగా పడ్డ ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఆ వరసని తెలిసిన వరసలతో పోల్చితే చెట్టుని ఎప్పుడు కొట్టారో తెలుస్తుంది. ఆర్డెన్ ఇంటి కొయ్య 1514 ప్రాంతానిదని ఆ లెక్క చెప్పింది. ఇంకో విశేషం. పొరుగువాడైన ఆడమ్ పామర్ పేరు రాబర్ట్ వీలునామాలోనే పర్యవేక్షకుల్లో ఒకడిగా ఉంది. స్నేహితుడి కూతుళ్ల హక్కుల్ని కాపాడతాడని పెట్టిన మనిషి ఇల్లే రెండు శతాబ్దాలు ఆ కూతురి ఇల్లుగా చెలామణీ అయింది. ఇది ఎవరి కుట్రా కాదు. వెతకవలసిన అవసరం ఎవరికీ తోచకపోవడమే.

షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే విషయంలో ఇల్లు సరైనదే, పేరు తప్పు. షాటరీలో ఆమె పుట్టింటిని లోకం 'ఆన్ హాథవే కాటేజ్' అంటుంది. ఆ ఇంటి అసలు పేరు హ్యూలాండ్స్ ఫార్మ్. 15వ శతాబ్దంలో మొదలై తర్వాత పెరుగుతూ వచ్చిన పన్నెండు గదుల రైతు ఇల్లు. దాన్ని కాటేజ్ అనడంలో ఒక పల్లెటూరి ముద్దు ఉంది. గొప్ప కవి, పూరిగుడిసె పిల్ల అనే కథకి అది సరిపోతుంది. ఇంటిని చిన్నది చెయ్యడం ద్వారా ఆ ఇంటి మనిషిని కూడా చిన్నది చెయ్యవచ్చు. ఆమె తండ్రి రిచర్డ్ 1581 నాటి వీలునామాలో ఆమె పెళ్లికి రాసిన మొత్తం, మేరీకి ఆమె తండ్రి రాసినంతే. ఆ వీలునామాలో ఆమె పేరు ఆగ్నెస్ అని ఉంది. మనం పిలిచే పేరుతో కూడా ఆమె తండ్రి ఆమెని పిలవలేదేమో.

వర్జీనియా వుల్ఫ్ 1929లో 'తనదైన ఒక గది' గురించి రాసినప్పుడు షేక్‌స్పియర్‌కి జుడిత్ అనే చెల్లెలిని కల్పించింది. మనలో ఆ జుడిత్‌ని తలుచుకోని స్త్రీవాద సాహిత్య విద్యార్థిని ఉండదు. అయితే షేక్‌స్పియర్‌కి నిజంగానే ఒక చెల్లెలు ఉంది. పేరు జోన్. 1569లో పుట్టింది. అన్న 1616 వీలునామాలో ఆమెకి 20 పౌండ్లు, తన బట్టలు, హెన్లీ వీధిలో ఆమె ఉంటున్న ఇంట్లో బతికినంత కాలం ఉండే హక్కు రాశాడు. ఏడాదికి 12 పెన్నీల అద్దె మీద. జోన్ 1646 దాకా ఆ ఇంట్లో బతికింది. అదీ కొయ్యచట్రపు ఇల్లే. లోకం దాన్ని షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు అని పిలుస్తుంది. జోన్ అక్కడ అన్నకన్నా ఎన్నో ఏళ్లు ఎక్కువ గడిపింది, ఆమె సంతతి 1806 దాకా ఆ ఇంటిని నిలుపుకుంది. అయినా అది జోన్ ఇల్లు కాలేదు.

వుల్ఫ్ కల్పనని తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. జుడిత్ మనకి కోపాన్ని నేర్పింది. జోన్ దగ్గర, ఆలిస్ దగ్గర, ఆగ్నెస్ దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. తనదైన గది అన్నది వాళ్లకి భావన కాదు, కాగితం మీద రాసిన షరతు. బతికినంత కాలం, వితంతువుగా ఉన్నంత కాలం, గొడవ పెట్టనంత కాలం, అద్దె కట్టినంత కాలం. ఆ షరతుల్ని చదవడం రాకపోతే గోడల్ని ఎంత చూసినా ఇల్లు అర్థం కాదు. గోడల్ని చూడకపోతే షరతులు దేని గురించో అర్థం కాదు. సాహిత్య పరిశోధన, భూమి రికార్డు, వడ్రంగి అంకె, ఇవి మూడూ ఒకే బల్ల మీదికి రావాలి.

ఇప్పుడు విల్మ్‌కోట్‌లో రెండు ఇళ్లకీ సరైన పేర్లు వచ్చాయి. ఒకటి పామర్ ఇల్లు, ఒకటి మేరీ ఆర్డెన్ ఇల్లు. తప్పు దిద్దుకోవడం మంచిదే. కానీ 1556 చలికాలం తర్వాత ఆ ఇంటి మీద, ఆ పొలం మీద రాతపూర్వకంగా హక్కు పంచుకున్నది ఆగ్నెస్, ఆలిస్. పెళ్లి చేసుకుని స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లిపోయిన చిన్న కూతురు కాదు. కొడుకు గొప్పవాడైతేనే తల్లి పేరు తలుపు మీదికి ఎక్కుతుందన్న సూత్రం మాత్రం ఇల్లు మారినా మారలేదు. ఆ పాలగదిలో, ఆ పొయ్యి దగ్గర మిగిలిన ఇద్దరు ఆడవాళ్లు సగం సగంగా సర్దుకుని బతకాల్సి వచ్చిన ఆ ఇంటిని వాళ్ల పేర్లతో కూడా పిలిచేదాకా మన పని పూర్తి కాలేదనుకుంటాను.